నూట పదకొండు మెట్లు

వాల్పరైసోలో ఇల్లంటే
ముందు మెట్లు, తర్వాతే గోడలు.
మా ఇంటికి నూట పదకొండు.
ముప్పై ఒక్క ఏళ్లు కింద వీధుల్లో ట్రాలీబస్సు నడిపి
సాయంత్రం సంచీ భుజాన వేసుకుని ఎక్కేవాణ్ణి,
ఏనాడూ లెక్కపెట్టలేదు.
లెక్క మొదలైంది గుండెకు కుట్లు పడ్డాకే.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు
వ్యాయామం నేర్పే పిల్ల, యాస్నా,
నా చేతిలో ఒక చీటీ పెట్టింది.
మెట్టుకో మాట, దొన్ ఎలెయుతేరియో,
ఊపిరి వదులుతూ పైకే అనండి:
"నేను బలంగా ఉన్నాను."

మొదటి రోజు ఏడో మెట్టు మీద
బలంగా ఉన్న నేను
ఇనుప కమ్మీ పట్టుకుని తడిసిన పిల్లిలా వణికాను.
చేపల సంచీతో పైకి పోతున్న క్లోరిందా
ఆగింది, చూసింది, చూడనట్టు నటించి పోయింది.
చీటీ ఉండచుట్టి విసిరేశాను.
వీధికుక్క వాసన చూసి
అదీ వద్దనుకుంది.

మర్నాడు నోరు మూసుకుని ఎక్కుదామనుకున్నాను.
అప్పుడు వినబడింది.
పొగమంచులో రేవు క్రేన్లు కూడా మూగబోయిన పొద్దున
లోపల ఎవడో, నా గొంతుతోనే,
అడుగుకొకటి చొప్పున అంటున్నాడు:
ముసలి గాడిద.
పనికిరానివాడు.
ఇంకెంతకాలంలే.
ముసలి గాడిద.

ఎంత శ్రద్ధ వాడికి!
ఒక్క మెట్టూ వదల్లేదు.
జపమాల తిప్పే మా అత్తగారైనా
మధ్యలో కునుకు తీసేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదట.
ఊరందరికీ
జాగ్రత్తమ్మా, మెల్లగా దిగు బాబూ అన్నవాణ్ణే.
నా ఒంటితో మాత్రం
ఒక్క పూటా అలా మాట్లాడలేదు.

తొమ్మిదో మెట్టు మీద కూర్చున్నాను. చల్లగా ఉంది.
బలంగా ఉన్నానంటే మోకాలే నవ్వుతుంది.
అబద్ధానికి కాలు లేవదు.
మరి నిజమేదైనా, చిన్నదైనా?
చిల్లర కోసం జేబులు తడుముకున్నట్టు వెతికాను.
దొరికింది:
"ఈ మెట్టు ఎక్కాను."

లేచి ఒకటి ఎక్కి, అన్నాను. నిజమైంది.
ఇంకొకటి. మళ్లీ నిజం.
మాట కోసం ఊపిరి, ఊపిరి కోసం ఆగడం,
ఆ ఆగిన చోట గుండె తన పని తాను చూసుకోవడం,
వేళ్ల కొసల్లోకి వెచ్చదనం రావడం.
ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా నిద్రపోయాను,
సముద్రసింహాలు రేవులో ఎంత అరిచినా.

జూన్ వానల్లో మళ్లీ చతికిలబడ్డాను.
ఇరవై మూడు దగ్గర కాళ్లు మొరాయించాయి.
వాడు గొంతు సవరించుకున్నాడు.
నేనే ముందన్నాను:
"ఈ మెట్టు మీద కూర్చున్నాను."
అదీ నిజమే కదా.
వాడికి అనడానికేం మిగల్లేదు.

ఏం గొణుగుతున్నావని క్లోరిందా అడిగింది.
చెప్పాను.
నేనూ అంటాను రోజూ, అంది,
కాకపోతే మా ఆయన గురించి.
ఇద్దరం నవ్వితే నా కుట్లు లాగాయి,
ఆమె సంచీలో చేపలు జారాయి.
తర్వాతి వారం నుంచి ఆమె మాట కూడా మారింది.
ఏమని మారిందో నాకు చెప్పలేదు.

సెప్టెంబరులో, గాలిపటాల గాలి వీచే రోజు,
పైదాకా ఎక్కాను. నూట పదకొండు.
చివరి పది మెట్లూ నోట మాట రాలేదు,
ఊపిరే సరిపోలేదు.
చెప్పులు అంటూ పోయాయి, టక్కు, టక్కు, నా బదులు.

యాస్నా ఛాతీ మీద గొట్టం ఆనించి
అంటున్నారా ఆ మాట? అని అడిగింది.
అన్నాను తల్లీ, కాస్త మరమ్మతు చేసి.

నువ్విచ్చిన అసలు మాట మాత్రం
నలభయ్యో మెట్టు దగ్గరో, ఆ పైనో,
నేను చూడకుండా ఎక్కినట్టుంది.
పోన్లే అని
నేను టికెట్ అడగలేదు.